బ్యాటిల్‌జోన్‌కు మెదక్‌తో ఏం పని?

వీడియో గేములు చేసే అటారీ కంపెనీ 1981లో అమెరికా సైన్యం కోసం ఒక యంత్రం తయారుచేసింది. బ్రాడ్లీ అనే యుద్ధ వాహనంలో కూర్చునే గన్నర్లకు గురి నేర్పడం దాని పని. పేరు బ్రాడ్లీ ట్రైనర్. రెండే నమూనాలు తయారయ్యాయి. సైన్యానికి అప్పగించినదాని జాడ లేదు. రెండోది చాలా ఏళ్ల తర్వాత మరో గేముల కంపెనీ వెనకవైపు, చెత్త తొట్టి పక్కన పడి ఉండగా ఒక సేకర్త కంటపడి బతికింది. ఈ యంత్రానికి మూలం బ్యాటిల్‌జోన్ అనే ఆట, 1980 నవంబరులో అటారీయే విడుదల చేసింది. ఆ పేరుతోనే 1998లో యాక్టివిజన్ కంపెనీ కంప్యూటర్ల కోసం ఇంకో బ్యాటిల్‌జోన్ తీసుకొచ్చింది. చంద్రుడి మీద, అంగారకుడి మీద అమెరికా, సోవియట్ వాహనాలు తలపడే సైన్స్ ఫిక్షన్ షూటర్ అది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, జనం కొనలేదు, చూస్తుండగానే మరుగున పడింది. ఈ ఆటను మెదక్ వాళ్లు గుర్తుపెట్టుకోవాలని నా వాదన. పాత రోజుల మీద మమకారంతో ఈ మాట చెప్పడం లేదు. దీనికి కారణం మన జిల్లా పేరు మోస్తున్న ఒక కర్మాగారంలో ఉంది.

మెదక్ పేరు చెప్పగానే బయటివాళ్లకు కోట, చర్చి గుర్తొస్తాయి. ఆ రెండింటికీ దూరంగా, ఎద్దుమైలారంలో ఉన్న ఓడీఎఫ్ అనే ఆయుధ కర్మాగారం సంగతి చాలామందికి తట్టదు. 1984లో, అప్పటి ప్రధాని, మెదక్ ఎంపీ కూడా అయిన ఇందిరాగాంధీ హయాంలో అది మొదలైంది. 2016 జిల్లాల విభజనలో ఆ ఊరు సంగారెడ్డి జిల్లాకు వెళ్లింది, 2021లో కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందకు వెళ్లింది, అయినా ఆయుధ కర్మాగారం మెదక్ అన్న పేరు జనం నోట అలాగే ఉంది. అక్కడ తయారయ్యేది సారథ్. సోవియట్ యూనియన్ రూపొందించిన బీఎంపీ-2 అనే పదాతిదళ యుద్ధ వాహనానికి ఇది భారతీయ రూపం. 1987లో, సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన విడిభాగాలతో మొదటి వాహనాన్ని ఇక్కడ బిగించారు. 1990 దశకం ముగిసే నాటికి అత్యధిక భాగాలు దేశంలోనే తయారయ్యే స్థితి వచ్చింది. బరువు దాదాపు 14 టన్నులు, నీళ్లలో ఈదగలదు, 30 మిల్లీమీటర్ల ఫిరంగి, ట్యాంకులను ఛేదించే కొంకర్స్ క్షిపణి ఉంటాయి. ఆ క్షిపణిని కూడా పాత మెదక్ జిల్లాలోని భానూరులో భారత్ డైనమిక్స్ వాళ్లే తయారుచేస్తారు. ఈ వాదనకు కావలసిన అసలు వివరం మాత్రం లోపలి కూర్పు. ముందు డ్రైవర్, పైన తిరిగే టరెట్‌లో కమాండర్, గన్నర్. వాళ్లతోపాటు ఏడుగురు సైనికులు. బండి నడపడం, గురిపెట్టి కాల్చడం, మొత్తం చూసి ఆజ్ఞ ఇవ్వడం, అవసరమైతే దిగి కాలినడకన పోరాడటం అనే నాలుగు పనులు ఒక్క ఇనుప పెట్టెలో కలిసి జరుగుతాయి. అమెరికా బ్రాడ్లీ కూడా ఇదే జాతి వాహనం.

ఇప్పుడు ఆట దగ్గరికి వద్దాం. 1980 నాటి బ్యాటిల్‌జోన్‌ను ఎడ్ రాట్‌బర్గ్ రూపొందించాడు. ఆడేవాడు నిలబడి, పెరిస్కోపు లాంటి గూట్లో కళ్లు పెట్టి చూస్తాడు. నల్లటి తెర మీద పచ్చటి గీతలతో గీసిన మైదానం, దూరంగా కొండలు, నెలవంక, నిప్పులు కక్కే అగ్నిపర్వతం. చేతికి రెండు లీవర్లు. ఎడమది ఎడమ ట్రాక్‌ను, కుడిది కుడి ట్రాక్‌ను నడుపుతుంది. రెండూ ముందుకు తోస్తే బండి ముందుకు పోతుంది, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి లాగితే ఉన్నచోటే తిరుగుతుంది. ట్రాక్‌ల మీద నడిచే అసలు వాహనం తిరిగే పద్ధతి కూడా అదే. కంటి ఎదుటి దృశ్యంతో ఆడే ఆటల్లో ఇదే మొదటిది అనడం సరికాదు, 1970 దశకంలోనే మేజ్ వార్ లాంటివి విశ్వవిద్యాలయాల కంప్యూటర్లలో ఉన్నాయి. కానీ మామూలు జనంలో చాలామంది నాణెం వేసి అలాంటి లోకంలోకి అడుగుపెట్టింది దీంతోనే. సుమారు 15 వేల పెట్టెలు తయారయ్యాయి. అగ్నిపర్వతం దాకా బండి నడిపితే అక్కడేదో రహస్యం దొరుకుతుందని ఆడేవాళ్లు నమ్మి ఆ దిక్కుగా పోతూనే ఉండేవాళ్లట. సారథ్ సీట్ల లెక్కలో చూస్తే ఈ ఆట ఒకే మనిషికి రెండు సీట్లు ఇచ్చింది, డ్రైవర్‌దీ గన్నర్‌దీ.

రిటైరైన సైనిక జనరళ్ల బృందం ఒకటి 1980 డిసెంబరులో అటారీని కలిసి, ఇదే ఆటను సైనిక శిక్షణకు మార్చమని అడిగింది. రాట్‌బర్గ్ ఒప్పుకోలేదు. తాను చేసిన ఆట యుద్ధానికి పనిముట్టు కావడం ఆయనకు నచ్చలేదు. ఇకపై సైన్యం పని ఎప్పుడూ అప్పగించబోమని యాజమాన్యం మాట ఇచ్చాకే దిగాడు. బ్రాడ్లీ ట్రైనర్‌లో బండి కదలదు. ఆడేవాడు గన్నర్ సీట్లో ఉంటాడు, తిప్పడం, గురిచూడటం, ఏ ఆయుధం వాడాలో ఎంచుకోవడం, మనవాళ్లెవరో శత్రువెవరో పోల్చుకోవడం నేర్చుకుంటాడు. అంటే రెండు సీట్ల ఆటను సైన్యం ఒక సీటుకు కుదించింది. శిక్షణకు ఆ కుదింపు సబబే, గన్నర్‌కు ముందు గురి రావాలి. దాని కోసం చేసిన చేతిపిడిని అటారీ తర్వాత 1983లో వచ్చిన స్టార్ వార్స్ ఆట పెట్టెకు వాడుకుంది. వినోదం నుంచి సైన్యానికి వెళ్లిన వస్తువు మూడేళ్లలోపే తిరిగి వినోదానికి వచ్చింది.

1998 నాటి ఆట ఈ వరుసలో మూడోది, అసలు విశేషం దానిదే. కథ ప్రకారం 1950 దశకం చివర బేరింగ్ జలసంధి దగ్గర ఉల్కల వాన కురుస్తుంది. వాటిలో దొరికిన జీవలోహంతో నేలను తాకకుండా తేలే వాహనాలు చేయవచ్చని అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ కనుక్కుంటాయి. లోకానికి కనబడిన అంతరిక్ష పోటీ వట్టి ముసుగు, అసలు యుద్ధం 1960 దశకంలో చంద్రుడి మీద రహస్యంగా జరుగుతుంటుంది. అక్కడి నుంచి అంగారకుడు, శుక్రుడు, బృహస్పతి, శని చందమామల దాకా పోతుంది. చివరికి జీవలోహం నుంచి పుట్టి తమంతట తాము కదిలే ఫ్యూరీలు అందరికీ ముప్పుగా మారతాయి. కథ బాగానే ఉంటుంది. దానికన్నా గొప్పది ఆడే పద్ధతి. మీరు ఒక వాహనం లోపల కూర్చుని ఉంటారు, కళ్ల ముందు అద్దం, అవతల బూడిదరంగు నేల. బండి మీరే నడపాలి, మీరే కాల్చాలి. అదే సమయంలో నంబరు మీటలు నొక్కుతూ మీ పక్షాన ఉన్న మిగతా బళ్లకు ఆజ్ఞలివ్వాలి. ధ్వంసమైన వాహనాల ఇనుప ముక్కలు ఏరుకొచ్చే బండి ఒకటుంటుంది, ఆ ముక్కలతోనే కొత్త వాహనాలు పుట్టించే కేంద్రం ఉంటుంది. దాన్ని నేలలోంచి ఆవిరి చిమ్మే చోట మాత్రమే నిలపగలం. ఎక్కడ కాపలా పెట్టాలి, ఎవర్ని వెంట రమ్మనాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, ఇవన్నీ కాల్పుల మధ్యే తేల్చుకోవాలి. ఆకాశంలోంచి చూస్తూ పావులు జరిపే సౌకర్యం మిగతా యుద్ధవ్యూహ ఆటల్లాగా ఇందులో మొదటి నుంచీ దొరకదు. కమాండర్ కూడా తూటాల మధ్యే ఉంటాడు.

ఇంకో సంగతి. ఈ ఆటలో బండి దిగవచ్చు. వాహనం పేలిపోతే సీటుతో సహా పైకి ఎగిరి కింద పడతారు, చేతిలో చిన్న తుపాకీ, చుట్టూ శత్రు శకటాలు. పరిగెత్తి స్థావరానికి చేరితే ఇంకో బండి. తెగువ ఉంటే దూరం నుంచి గురిచూసి శత్రువాహనం లోపలున్న పైలట్‌ను కొట్టి, ఖాళీ అయిన ఆ వాహనమే ఎక్కి వెళ్లిపోవచ్చు. బండి మనిషికి వేసుకున్న తొడుగు మాత్రమే, లోపలున్న ప్రాణం వేరు అన్న అవగాహన ఆటలో అడుగడుగునా తెలుస్తుంది. పైలట్లు కూడా లెక్కపెట్టిన వనరే, అయిపోతే బళ్లుండి కూడా నడిపేవాడు ఉండడు. డ్రైవర్, గన్నర్, కమాండర్, దిగి పోరాడే సైనికుడు: సారథ్‌లోని నాలుగు పనులూ ఒకే ఆటగాడికి అప్పగించి, వాటి మధ్య పెనుగులాటనే ఆటగా మలిచింది బ్యాటిల్‌జోన్. పదాతిదళ వాహనం అనే ఆలోచనను ఇంత సమగ్రంగా అనుభవంలోకి తెచ్చిన మరో ఆట ఆ కాలంలో లేదని నా నిశ్చయం. తయారుచేసినవాళ్లు సారథ్‌ను చూసి చేశారని నేను అనడం లేదు, వాళ్లకు ఎద్దుమైలారం పేరే చేరి ఉండదు. అసలు వాహనంలో నలుగురికి పంచిన భారం ఒక్క బుర్ర మీద పడితే ఏమవుతుందో ఈ ఆట చూపించింది. నలుగురు ఎందుకు కావాలో దాన్ని ఆడినవాడికి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు మరచిపోయారు? విడుదలైన ఏడాది చూడండి. 1998లోనే స్టార్‌క్రాఫ్ట్ వచ్చింది, అన్‌రియల్ వచ్చింది, నవంబరులో హాఫ్-లైఫ్ వచ్చింది. వ్యూహాలు నచ్చేవాళ్లు మొదటిదాన్ని, కాల్పులు నచ్చేవాళ్లు తర్వాతి రెండింటినీ పట్టుకున్నారు, రెండూ కలిపిన ఆట ఏ అరలో పెట్టాలో దుకాణాలకే అంతుపట్టలేదు. ఈ ఆట చేసినవాళ్లలో కొందరు పాండెమిక్ స్టూడియోస్ పెట్టి 1999లో రెండో భాగం తెచ్చారు, అదీ అమ్ముడుపోలేదు, 2009లో ఆ స్టూడియోనే మూతపడింది. తెలుగు నేల మీద ఈ ఆటకు ఇంకో అడ్డంకి. ఇక్కడ పాత ఆటలంటే టీవీకి తగిలించే క్యాసెట్ల కాంట్రా, తర్వాత ఇంటర్నెట్ సెంటర్లలో ప్రాజెక్ట్ ఐజీఐ, కౌంటర్-స్ట్రైక్. జిల్లా కేంద్రాల్లోనూ చిన్న పట్టణాల్లోనూ గంటకింతని అద్దె కట్టి కూర్చునే కుర్రాళ్లకు అయిదు నిమిషాల్లో అర్థమయ్యే ఆట కావాలి. నేర్చుకోవడానికే రెండు గంటలు పట్టే బ్యాటిల్‌జోన్ అక్కడ నిలబడలేదు. అందుకే మన జ్ఞాపకాల పట్టికలో అది లేదు.

ఇక్కడే మొదటి ఆక్షేపణ వస్తుంది. మెదక్‌లో ఎవరి జ్ఞాపకంలోనూ లేని ఆటకు మెదక్ చరిత్రలో చోటెందుకు? దీనికి నా జవాబు సూటిగానే ఉంటుంది. జ్ఞాపకం మంచి కాపలాదారు కాదు. ఎక్కువమంది ఆడినదాన్నే అది ఎంచుకుంటుంది. కాంట్రాకు ఎవరి సాయమూ అక్కర్లేదు, కోట్లమంది మనసులో ఉంది. భద్రపరచడం అనే పని అవసరమయ్యేది తక్కువమందికి తెలిసిన వస్తువులకే. సినిమాను చూడండి. తెలుగువాళ్ల తొలి మూకీ అని చెప్పుకునే భీష్మ ప్రతిజ్ఞ మనకు పేరుగానే మిగిలింది, దాన్ని తీసిన రఘుపతి వెంకయ్య కుటుంబం పడిన శ్రమలో ఒక్క రీలు కూడా చూడలేం. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుట్టే సరికే చాలా పోయాయి. అప్పటిదాకా సినిమా దాచుకోవలసిన వస్తువని పెద్దమనుషులెవరూ అనుకోలేదు. గేముల విషయంలో ఇప్పుడు అదే జరుగుతోంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు దుకాణంలో కొనడానికి దొరకవని తేలింది. పుట్టిన దేశంలోనే పరిస్థితి ఇది.

రెండో ఆక్షేపణ, అమ్ముడుపోలేదంటే అంత మంచి ఆట కాదేమోనని. లోపాలు ఉన్నాయి, ఒప్పుకోవాలి. ఆజ్ఞలిచ్చే మీటల వరుస చిక్కుగా ఉంటుంది, కొన్ని ఘట్టాలు విసుగు పుట్టించేంత కఠినం, మన పక్షపు బళ్లు కొన్నిసార్లు బుద్ధిలేనట్టు రాళ్లకు కొట్టుకుంటాయి. కానీ అమ్మకాలే కొలమానమైతే ఆ ఆటను పాతికేళ్లు మోసిన అభిమానులు ఎలా వచ్చారు? విండోస్ మారినప్పుడల్లా ఆట ఆగిపోయేది, వాళ్లు మరమ్మతు చేసి మళ్లీ నడిపించేవాళ్లు. 2013లో అటారీ దివాలా తీసినప్పుడు వేలంలో బ్యాటిల్‌జోన్ హక్కులను బ్రిటన్‌కు చెందిన రెబెలియన్ కొన్నది. 2016లో ఆ ఆటను మెరుగుపరిచి బ్యాటిల్‌జోన్ 98 రిడక్స్ పేరుతో, 2018లో రెండో భాగాన్ని కూడా మళ్లీ విడుదల చేసింది. నాసిరకం సరుకు కోసం ఇంత శ్రమ ఎవరూ పడరు.

మూడోది, అది పరాయి ఆట కదా అని. మెదక్ వాళ్లు ఈ మాట అనడం భావ్యం కాదు. 1924 డిసెంబరు 25న ప్రార్థనలు మొదలైన మన చర్చిని బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టాడు, నమూనా ఇంగ్లండ్ నుంచే వచ్చింది, కరువు రోజుల్లో తిండి కోసం పనికి వచ్చిన ఈ ప్రాంతపు కూలీల చేతుల మీద లేచింది. దాన్ని ఇవాళ పరాయిదని ఎవరంటారు? సారథ్ కూడా సోవియట్ నమూనాయే. ఈ నేల మీద శ్రమతో సొంతమైన వస్తువులకు పుట్టిన ఊరు అడ్డు కాలేదు. ఆటల పనిలోనూ అలాంటి శ్రమ ఇక్కడ జరుగుతోంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద గేముల కంపెనీకి హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. బ్యాటిల్‌జోన్ తెచ్చిన యాక్టివిజన్‌ను 2023 అక్టోబరులో కొన్న మైక్రోసాఫ్ట్‌కు అధిపతి హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల.

నాలుగో ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. ఇది యుద్ధపు ఆట, పిల్లలకు చంపడం నేర్పే వస్తువును చరిత్రగా గౌరవించాలా? ఈ ప్రశ్న అడిగేవాళ్ల ఆందోళన నిజమైనది, దాన్ని కొట్టిపారేయను. 1996లో అమెరికా మెరైన్ దళం డూమ్ ఆటను తన సైనికుల శిక్షణకు మార్చుకుంది. మన దగ్గర 1993లో హైదరాబాద్‌లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికి, పోలీసు బలగాలకు సిమ్యులేటర్లు తయారుచేస్తోంది, ట్యాంకు సిబ్బందికి, బీఎంపీ-2 క్షిపణి గన్నర్లకు కూడా. అసలు క్షిపణి ఒకటి కాల్చి నేర్చుకునే ఖర్చు, ప్రమాదం తప్పించడానికి తెర మీద వందసార్లు నేర్పడం. బ్రాడ్లీ ట్రైనర్ వెనకున్న ఆలోచనే ఇది. అంటే పాత మెదక్ జిల్లాలో వాహనం, అక్కడే క్షిపణి, పక్కన హైదరాబాద్‌లో ఆ రెంటినీ నేర్పే తెర తయారవుతున్నాయి. ఆటకూ ఆయుధానికీ మధ్య గీత ఎక్కడ ఉండాలన్న చర్చ మనకు ఇంతకన్నా దగ్గరగా ఉన్న చోటు ఇంకెక్కడుంది? ఆ చర్చకు సాక్ష్యాలు కావాలి. తన ఆటను సైన్యానికి ఇవ్వనని మొరాయించిన రాట్‌బర్గ్ ఒక సాక్ష్యం. ఆ ఆటే మొదట ఎంత అమాయకంగా ఉండేదో చూపే యంత్రం ఇంకో సాక్ష్యం. బండి దిగిన సైనికుడు ఎంత నిస్సహాయుడో చూపే 1998 ఆట మరొకటి. యుద్ధాన్ని వ్యతిరేకించేవాడికీ, సైన్యంలో పనిచేసేవాడికీ ఇవి సమానంగా అవసరం. చెత్త తొట్టి పక్కన ఆ బ్రాడ్లీ ట్రైనర్ పెట్టె ఎవరికీ కనబడకపోయి ఉంటే వాదించుకోవడానికి మాటలే మిగిలేవి, వస్తువు ఉండేది కాదు.

రిడక్స్ వచ్చింది కాబట్టి ఇక దిగులెందుకని కూడా అనవచ్చు. రిడక్స్ మంచి పనే. కానీ దాని బొమ్మలు కొత్తవి, దాన్ని కొనేది ఇంటర్నెట్ దుకాణంలో, హక్కుదారు తలచుకుంటే రేపు అక్కడి నుంచి తీసేయవచ్చు. 1998లో మనిషి చూసిన ఆట దాని సీడీలోనూ, పెట్టెలో వచ్చిన పుస్తకంలోనూ ఉంది. 1980 యంత్రం సంగతి ఇంకా కష్టం. దాని తెర మీద చుక్కలు లేవు. ఎలక్ట్రాన్ పుంజాన్ని కలంలా తిప్పుతూ గీతలు గీస్తుంది, ఆ గీతల మెరుపు నేటి ఎల్‌సీడీ తెరకు రాదు, అలాంటి తెరలు తయారుచేసే పరిశ్రమే పోయింది. మన చట్టాలు కూడా ఈ పనికి సిద్ధంగా లేవు. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన పుస్తకం కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు చేరాలి, సాఫ్ట్‌వేర్ ఊసు అందులో లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలు రచనలను భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చన్నారు, కానీ వాటి దగ్గర ముందే డిజిటల్ కాని ప్రతి ఉండాలన్నది షరతు. పుట్టుకతోనే డిజిటల్ అయిన గేముకు ఆ షరతు ఎలా కుదురుతుంది? హక్కుల గడువు తీరేదాకా ఆగుదామంటే సీడీ ఆగదు. ఇంట్లో రాసుకున్న సీడీల పూత కొన్నేళ్లకే చెడిపోవచ్చు, మన ఊళ్లలో తిరిగిన ఆటలు ఎక్కువగా అలాంటి సీడీల మీదే తిరిగాయి. కంప్యూటర్ పత్రికలతో వచ్చిన సీడీలు కాస్త గట్టివి, వాటిలో ఆటల నమూనాలు ఉండేవి. ఒక్కో నెల సీడీ ఆ నెలలో తెలుగు పట్టణానికి ఏ ఆటలు చేరాయో చెప్పే రికార్డు.

పని మొదలుపెట్టడానికి తగిన చోటు కూడా దగ్గర్లోనే ఉంది. ఐఐటీ హైదరాబాద్ 2008లో తరగతులు మొదలుపెట్టింది ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలోనే, సొంత ప్రాంగణం కందిలో సిద్ధమయ్యేదాకా అక్కడే నడిచింది. సారథ్ తయారయ్యే గోడల పక్కన తొలి విద్యార్థులు ప్రోగ్రాములు రాశారు. డిజైన్ విభాగం, కంప్యూటర్ విభాగం రెండూ ఉన్న ఆ సంస్థ పాత ఆటల, పాత సిమ్యులేటర్ల సేకరణ ఒకటి ప్రారంభిస్తే తెలంగాణలో దానికన్నా అర్హమైన సంస్థ కనబడదు. జిల్లా గ్రంథాలయాలు సీడీలను తీసుకుని, పేరు, సంవత్సరం, ఏ ఊళ్లో దొరికింది అన్న మూడు వివరాలు రాసి పంపినా చాలు. కాపీరైట్ షరతును సవరించమని అడగవలసింది మన ఎంపీలను. మెదక్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ల యజమానులకు, ఆ కాలపు కంప్యూటర్ పత్రికలు కొన్న పాఠకులకు నా విన్నపం ఒక్కటే. 1990, 2000 దశకాల నాటి గేము సీడీ గాని, దాని అట్టపెట్టె, లోపలి పుస్తకం గాని మీ దగ్గరుంటే పాత సామాన్లవాళ్లకు వేయకండి. ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి, ఎప్పుడు ఎక్కడ కొన్నారో ఒక కాగితం మీద రాసి దానితోపాటే పెట్టండి.